సముద్రాన్ని లాగిన వాక్యూం మిషను

ఈ కథ నాకు మొదట చెప్పింది రాజాంలో టీ కొట్టు మరిడమ్మ. కళ్ళారా చూసిన మనిషి.

ఆ ఉదయం మెకానిక్ జగన్నాధం మోటారు లేని వాక్యూం మిషను డొల్లని తన పెరట్లో దాచడానికి మోసుకెళ్తుంటే, టీ కొట్టు దగ్గర బట్టల షాపు కమలాదేవి ఎదురైంది. గబుక్కున దాని మీదే కూలబడ్డాడు. ఆ డొల్ల ఆవిడదే. బాగుచెయ్యమని ఇచ్చింది. విడిభాగాల కోసం పాతపట్నంలో కొన్న తుక్కు మిషనూ అదే రకం, అదే రంగు. ఇతగాడు తుక్కుదనుకుని ఆవిడ మిషను పీకి, దాని మోటారు అసలు తుక్కుదానికి బిగించేశాడు. దసరా పూజకి ఆవిడ మిషను మీద పెట్టిన బొట్టు ఇప్పుడతని కింద ఉంది. లేస్తే కనబడిపోతుంది.

"నా మిషను అయిందా, జగన్నాధం?"

"అవడమేటి అమ్మగారూ, ముందు టీ తాగండి. కొత్తది కొనాలంటే మనలాటోళ్ళ వల్లవుతాదా? తుక్కు మిషనొకటి ఒట్టుకొచ్చి, దాని గొట్టం, మీదాని మోటారు కలిపి బిగించినాను. స్విచ్ నొక్కితే గోడ మీద బల్లి వచ్చి సంచిలో పడింది."

"బల్లేనా?" అన్నాడు టీ తాగుతున్న గోపి.

"బల్లితో ఆగితే నా పనితనమేటి? ఆ తర్వాత ఏటయిందో తెలుసా? ఎదురింటి పెంకులు వరసగా లేచొచ్చీసినాయి. ఆ ఇంటాయన మంచంతో సహా గుమ్మం దాకా వచ్చీసినాడు."

"నా మిషనేది?" అంది కమలాదేవి.

జగన్నాధం డబ్బా మీద ఇంకాస్త సర్దుకు కూర్చున్నాడు. "అక్కడికే వస్తన్నాను. ఊళ్ళో పెమాదమని భావనపాడు ఒడ్డుకి అట్టుకెళ్ళి నొక్కినాను. సముద్రమంతా సంచిలోకి వచ్చీసినాది. పడవలు ఇసకలో కూకుండిపోనాయి. మా నీళ్ళు మాకిచ్చీ బాబూ అని అందరూ దండం పెడితే, సంచి దులిపి ఇచ్చీసినాను. సుక్క కూడా ఉంచుకోలేదు."

మరిడమ్మ గ్లాసు కడుగుతూ అంది: "సముద్రాన్ని లాగిన మిషను నిన్ను ఆ డబ్బా మీంచి లాగలేదేటి మావా? లెగు, అమ్మగారు కూకుంటారు."

"మోకాలు పట్టీసినాదే."

గోపి అతని చంకలో చెయ్యేసి లేపాడు.

కమలాదేవి వంగి బొట్టు తడిమింది. మూత తీసింది. లోపలేమీ లేదు.

"సముద్రం నీళ్ళు సముద్రానికి ఇచ్చీసినావు కదా," అంది నెమ్మదిగా. "నాది నాకు ఇచ్చీ."

ఇప్పుడు జగన్నాధం, పాతపట్నం కూర్మయ్య గుర్తు పెట్టకుండా తుక్కు అమ్మబట్టే రెండూ కలిసిపోయాయని ఊరంతా చెప్తున్నాడట. ఆ కూర్మయ్యని నేనే. తుక్కు మిషను మీద సుద్దముక్కతో అడ్డగీత పెట్టే ఇచ్చాను. తడిగుడ్డతో దుమ్ము తుడుస్తూ దాన్ని చెరిపేసింది అతనే. రాజాం వెళ్ళేవాళ్ళెవరైనా ఈ ఒక్క ముక్క అక్కడ సరిచేసి చెప్పండి.