అల్లుడు రాని ఏడు

కోలారు గనుల దిబ్బల వెనక, జింకల మంద చుట్టూ ఊరివాళ్లు వేసిన కంచె దగ్గర కావలి దొడ్డమునియప్ప, పెద్దరోడ్డు అవతలి ఊరినుంచి బుట్టతో వచ్చిన చెల్లెలు తాయమ్మ.

"ఉండనీ అన్నా, బుట్ట నా దగ్గరే ఉండనీ. ఆ పడుచు జింకకు మొగమంతా నెత్తురేమి?"

"కంచెకు కుమ్ముకుంటాది. ముసలి మగది ఇంకో మగదాన్ని మందలో ఉండనీదు, తరుముతాది. పోదామంటే దీనికి దోవ లేదు. బుట్ట దించమ్మా, మామిడికాయలేనా?"

"కంచె లేనప్పుడు ఇట్లాంటివి రాగికోత కాంగానే మా పక్కకు వస్తా ఉండె."

"వస్తా ఉండె. దోవలో సగం కుక్కలపాలు. చూడలేక ఊరంతా కలిసి కంచె వేస్తిమి. ఇప్పుడు ఒక్క కుక్క రాదు."

"అల్లుడూ రాడు."

"ఏ అల్లుడు?"

"మరిస్తివా? ఏటా మొదట రోడ్డు దాటొచ్చే మగజింకను మా ఊర్లో అల్లుడనే అంటాము. చేని గెనిమ గట్టు మీద రాగి ఎన్నులు పెడతాము. పోయినేడూ పెట్టినాము, ఈ యేడూ పెట్టినాము. పిచ్చుకలు తినిపోయినాయి."

"మీ పక్క మంద ఎట్లుండాది?"

"వానలు బాగా పడినాయన్నా."

"వానల్ని అడిగితినా? మంద, మంద!"

"ఎట్లుంటాది... కుక్కలు తినేవి తింటా ఉండె, మీ పక్కనుంచి వచ్చేవి వస్తా ఉండె. అట్లనే కదా ఇన్నాళ్లూ నిలిచినాది. మా ముసలి మగది చచ్చినాక ఆడవాటికి ఇంగ తోడు లేదు."

"అయ్యో దేవుడా! మేము కాపాడినామనుకుంటిమే! కత్తెర యాడ పెట్టినాను? ఇప్పుడే కంచె కోసేస్తా. ఈ పొద్దే ఇది మీ పక్కకు వచ్చేస్తాది."

"వద్దన్నా."

"ఏమి వద్దు? ఊరోళ్లు తిడితే నేను పడతాను."

"అది కాదన్నా. యాడికి పంపుతావు? ఆడ ఏముండాదని?"

"ఏమంటా ఉండావు నువ్వు? తాయమ్మా... ఆ బుట్టలో ఏమో కదులుతా ఉండాది."

"గుడ్డ మెల్లిగా తియ్యి, బెదురుతాది. మిగిలిన ఒక్క ఆడది, దీని తల్లినీ నిన్న కుక్కలు పట్టినాయి. మా మందంతా ఇంగ ఇదేనన్నా."

"అయ్యో, ఎంత పిల్ల! ఏడవొద్దమ్మా, ఆవుపాలు పోసి సాకుతాను. పెద్దదైనాక మా మందలో కలిపేస్తాను."

"ఎట్ల కలుస్తాదన్నా? ఇదీ మగదే."