నడి సరస్సులో కింది గొంతు

తోబా సరస్సు ఒడ్డున పొద్దున్నే భార్య వలలోంచి చేపలు విడదీస్తోంది. భర్త పడవలో చేరిన నీళ్ళు తోడిపోస్తున్నాడు. ఆమె అతన్ని పిలిచేది కొడుకు పేరుతోనే.

“తోగార్ నాన్నా, చర్చిలో పాటల ప్రాక్టీసుకి నువ్వు రాక మూడు వారాలైంది. ఈసారీ ఎగ్గొడితే ఈస్టర్ పాటలోంచి నీ పేరు కొట్టేస్తారట.”

“ప్రాక్టీసు చేస్తూనే ఉన్నానే, పడవలో.”

“ఒక్కడివేనా? రాగం పాడేది మేం ఆడవాళ్ళం. నీకొచ్చింది కింది గొంతుతో ఊఁ ఊఁ అనడమేగా! అది విని చేపలు పారిపోతున్నాయి. ఇదిగో, నాలుగే పడ్డాయి.”

“నవ్వనంటే ఒకటి చెబుతా.”

“నవ్వుతా. చెప్పు.”

“నడి సరస్సులో వల వేసి నా వంతు పాడతాను. కాసేపటికి పై రాగం కూడా వినిపిస్తుంది. అది నాది కాదు, మీదీ కాదు.”

“మరెవరిది?”

“అది తెలుసుకుందామనే రోజూ ఇంకాస్త లోపలికి వెళ్తున్నా.”

ఆమె చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

“రేపు నన్నూ తీసుకెళ్ళు.”

“నువ్వొస్తే రాగం నువ్వే ఎత్తుకుంటావు. నోరు మూసుకుని కూర్చోగలవా?”

“కూర్చుంటాలే. ఆ పై రాగం పాడే ఆయన శ్రుతి తప్పితే మాత్రం ఊరుకోను.”