కాలిన కొండ మీద పూలు

కొండ మలుపులో కారు ఆపి భార్య దిగింది. ఫారెస్ట్ గార్డుగా పనిచేసే భర్త మాత్రం తల దించుకుని లోపలే కూర్చున్నాడు.

"దిగండి. ఇంత దూరం వచ్చి కారులోనే కూర్చుంటారా?"

"పోయిన వేసవిలో నా కళ్ల ముందే కాలిపోయిన కొండ ఇది. మళ్లీ ఆ బూడిద చూడలేకే డ్యూటీ కూడా వేరేచోటికి మార్పించుకున్నాను."

"పూలు చూద్దామనే కదా తీసుకొచ్చాను."

"పూలకైతే ఏటి ఒడ్డుకి వెళ్దామన్నాను. ఇక్కడేం మిగిలిందని?"

"ఒక్కసారి తలెత్తి చూడండి."

అతను చూశాడు. మెల్లగా దిగాడు.

"ఇదేంటే, కొండంతా పసుపుపచ్చగా ఉంది. నేల కనపడట్లేదు."

"ఆ నల్లటి మోళ్ల చుట్టూ చూడండి, ఊదారంగువి."

"మంటలు వచ్చేదాకా నా ఉద్యోగమంతా ఈ కొండ మీదే గడిచింది. వీటినెప్పుడూ చూడలేదే. ఇన్నాళ్లూ ఎక్కడున్నాయి?"

"విత్తనాలుగా నేలలోనే ఉన్నాయట. చెట్ల నీడ పోయి ఎండ తగిలాకే మొలిచాయట. వసంతం వెళ్లిపోతే ఇవీ ఉండవని మీ ఆఫీసులో చెప్పారు. అందుకే మిమ్మల్ని తొందరపెట్టాను."

"మేం మంటలు ఆర్పలేక ఏడుస్తుంటే, ఇవి మా కాళ్ల కిందే ఉన్నాయన్నమాట."

"అవునండీ. అదేంటి, బూట్లు విప్పుతున్నారు?"

"వీటి మధ్యకి బూట్లతో ఎలా వెళ్లమంటావే?"