డాక్టరమ్మగారి రెండో ప్రశ్న

1991 జూన్ పదకొండవ తేదీ ఉదయం మా డాక్టరమ్మగారు మత్తువైద్య విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరిననాడు, థియేటర్లో వారి ఎత్తుకు తగిన స్టూలైనా లేదు. నాలుగు రోజులు మునివేళ్ల మీద నిలబడి పనిచేసి, ఐదో రోజున ఇంటి నుంచి పీట తెచ్చుకున్నారు. విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న నేటికీ ఆ పీట మూడో థియేటర్లోనే ఉంది.

చేరిన మూడో ఏట, మత్తులో ఉన్న ఒక రోగికి రక్తపోటు పడిపోగా, వారు రక్తనాళాలను బిగించే మందు ఇచ్చారు. తెర మీద అంకె చక్కగా పైకి లేచింది. కానీ అదే మందు ఊపిరితిత్తుల నాళాలనూ బిగించడంతో, వాటిలోకి రక్తాన్ని తోయవలసిన గుండె కుడిభాగం చతికిలబడింది. రోగి బతికి బట్టకట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ వారికి ముద్ద దిగలేదని భర్తగారు ఇప్పటికీ చెబుతారు. మా థియేటర్ల ఆచారం అప్పుడే పుట్టింది: మందు చేతపట్టినవారు రెండు ప్రశ్నలకు పైకి జవాబు చెప్పాలి. ఒంటిని ఏం చేస్తుంది? ఊపిరితిత్తులను ఏం చేస్తుంది? రెండోదానికి తడబడితే సిరంజి కింద పెట్టవలసిందే. వారికి మేము చాటుగా పెట్టుకున్న పేరు కూడా ‘రెండో ప్రశ్న’. అది వారి చెవిన పడకుండా మేము పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. వారికి మొదటి నుంచీ తెలుసునని మొన్ననే బయటపడింది.

నిరుడు, ఊపిరితిత్తుల నాళాల్లో పోటు ఎక్కువగా ఉన్న ఒక పెద్దావిడకు తుంటి ఆపరేషన్ జరుగుతుండగా రక్తపోటు జారిపోయింది. “త్వరగా కానివ్వండి!” అని సర్జన్ తొందరపెట్టారు. అలవాటు కొద్దీ డాక్టరమ్మగారి చేయి ఆ పాత మందు మీదికే పోయింది.

“అమ్మా, మీరు రెండోది చెప్పలేదు,” అంది నెల క్రితమే చేరిన నర్సు.

వారు సిరంజిని ట్రేలో పెట్టేశారు. “ఊపిరితిత్తుల్నీ బిగిస్తుంది. వద్దు. ఆ పక్కది అందుకో తల్లీ, అది వాటి జోలికి అంతగా పోదు.”

పెద్దావిడ గుండె నిలదొక్కుకుంది. ఆపరేషన్ ముగిశాక వారు తమ పొరపాటును కేస్ షీట్లో స్వహస్తాలతో రాస్తుంటే, “ఏమీ జరగలేదుగా, రాయకపోతే ఎవరికి తెలుస్తుందండీ?” అన్నారు సర్జన్.

“నాకు తెలుసుగా,” అన్నారు వారు. బయట నిలబడి ఉన్న పెద్దావిడ కూతురితో, “మీ అమ్మని కాపాడింది ఈ పిల్లమ్మా,” అని నర్సును ముందుకు తోశారు.

“ఆ రోజు మీకు కోపం రాలేదా అమ్మా?” అని మొన్న నర్సు అడిగింది.

“ముప్పై ఏళ్లుగా అందరినీ అడుగుతున్నాను. నన్ను ఒక్కరైనా అడగరేమని బెంగగా ఉండేది. ఇంక నిశ్చింతగా ఇంటికి పోతాను.”

ఆ బెంగ తీరిందన్నదే మాకు మిగిలిన గర్వం. అమ్మా, మీకు మేమెంతో రుణపడి ఉన్నాం. మీరు నిండైన ఆరోగ్యంతో, భర్తగారితో మనవలతో హాయిగా నూరేళ్లు ఊపిరి పీల్చాలి. మా సిరంజీలతో మీకు ఏనాడూ పని పడకూడదు. పడితే మాత్రం, రెండో ప్రశ్నకు మీకు వినబడేలా జవాబు చెప్పాకే మీ మీద చేయి వేస్తాం.