వీధులు మార్పించిన టైలరక్క

అమ్మలారా, అక్కలారా, అన్నలారా! పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. టైలరక్క ఉంటే ముందు మీకు చోటు చూపించి, ఆ తర్వాతే నన్ను మైకు ముట్టుకోనిచ్చేది. ఆమె లేదు. మొన్న పొద్దున ఊపిరాడక పోయింది. నేను పై వీధి ప్లంబర్ని. ఏడవడానికి ఇంటి దగ్గర చోటుంది. ఇక్కడికి మాట్లాడ్డానికే వచ్చాను.

సిమెంటు మిల్లు మేనేజరుగారు కూడా వచ్చారు. అందరికంటే పెద్ద దండ తెచ్చారు. సంతోషం. కూర్చుని వినండి సార్.

మిల్లు దుమ్ముకి మన వీధుల్లో దగ్గు ఎవరెవరికి ఉందో మనమే తేల్చుకుందాం అంది అక్క. ముందు తన వీధిలో తనే ఇంటింటికీ తిరిగింది. అందరికీ బట్టలు కుట్టిన మనిషి, అందరి కొలతలూ నోటికొచ్చిన మనిషి. ఏం చెప్పారు ఆమెకు? ఎవరికీ దగ్గు లేదన్నారు! ఒకరికి మిల్లులో పని పోతుందని భయం. ఇంకొకరికి ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. పక్కింటికి తెలిస్తే టముకు వేసినట్టేనని అందరికీ భయం.

ఇంకొకరైతే వీళ్ళింతేనని చేతులు దులుపుకునేవారు. అక్క ఏమంది? "తప్పు వాళ్ళది కాదు, అడగడానికి వెళ్ళిన మనిషిది" అంది. అలా పుట్టింది మన వీధి మార్పిడి. మా వీధిలో మీరు అడగాలి, మీ వీధిలో మేం అడగాలి. ఆ వీధి మనిషి అడిగేవాళ్ళని గుమ్మం దాకా తీసుకెళ్ళి, మనవాళ్ళేనని చెప్పి, వెనక్కి వచ్చేయాలి. నెలకోసారి అక్క కుట్టుగదిలో అందరం కూర్చోవాలి. ముందు ఈ పనిలో ఎవరి తప్పు వాళ్ళు చెప్పాలి, తర్వాతే టీ. ఆ టీ కోసం చేయని తప్పులు ఒప్పుకున్నవాళ్ళు కూడా ఇక్కడున్నారు, పేర్లు వద్దులెండి.

కాలేజీ నుంచి ఒక పరిశోధకుడు వచ్చి మన వివరాలు అడిగాడు. ఇస్తాం బాబూ, ముందు నీ తప్పు చెప్పి కూర్చో అంది అక్క. ఆయన కూర్చున్నాడు. ఒక ఊళ్ళో జనాన్ని అన్నీ అడిగి, ఏం తేలిందో చెప్పడానికి మళ్ళీ అటు వెళ్ళలేదని ఒప్పుకున్నాడు. అక్క టీ పోసింది. ఆ రోజు నుంచి ఆయన మనలో ఒకడు. అదిగో, మైకు వైరు ఊడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

మరి అక్క ఇంటి వంతు వచ్చినప్పుడు ఏమైంది? కింది వీధి పాల వదిన వెళ్ళి అడిగింది. పద్ధతి పెట్టిన మనిషే, కుట్టు ఆపకుండా, నాకేం లేదంది! పాల వదిన లేవలేదు, గద్దించలేదు, ఊరికే కూర్చుంది. కుట్టు మిషను ఆగింది. "ఉంది వదినా. పిల్లలకి వినపడకూడదని మిషను తొక్కుతూ దగ్గుతున్నాను" అంది అక్క. తర్వాతి సమావేశంలో అదే తన తప్పుగా అందరి ముందూ చెప్పింది. "మనం దగ్గు దాచుకున్నన్నాళ్ళూ మిల్లులో దుమ్ము లేనట్టే" అంది.

మిల్లు దుమ్ము మీద సోమవారం సర్కారు ఆఫీసులో విచారణ. అక్క లేదు కాబట్టి ఏ వీధి ఆ వీధిగా విడివిడిగా రమ్మని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎందుకో మనకి తెలీదా? విడివిడిగా అడిగితే మళ్ళీ ఎవరికీ దగ్గుండదు! వెళ్దామా విడిగా? వెళ్ళం. కలిసే వెళ్తాం. పై వీధి గురించి కింది వీధి చెబుతుంది. కింది వీధి గురించి నేను చెబుతాను. అక్క గురించి పాల వదిన చెబుతుంది. వయసైపోయి పోయిందని మిల్లులో అంటున్నారట. వయసుకి గుండెల నిండా సిమెంటు ఎక్కడి నుంచి వస్తుంది సార్?

నాకు దుఃఖం ఉంది. దానికంటే ఎక్కువ కోపం ఉంది. సోమవారం దాకా దాన్ని చల్లారనివ్వను. మీరూ చల్లారనివ్వకండి.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. అక్క కోసం కాసేపు మాటలు ఆపుదాం. దగ్గొస్తే మాత్రం ఎవరూ ఆపుకోకండి. మేనేజరుగార్ని విననివ్వండి.