మగ్గం గుంతల

అట్లనకు వదినె. పిచ్చిదాన్ని నీ కొడుక్కు అంటగట్టిననంటె పడ్త. కన్నబిడ్డను సంపవోయిందంటె మాత్రం ఊకోను.

కూసో. కోరుట్ల బస్సు గంటకు గని రాదు. చాయ్ తాగకున్నా మానె, నా మాట ఇను.

నువ్వు చెప్పిందే మల్లొకపారి చెప్త, తప్పైతె ఆపు. కరెంటోళ్ల జీపు వచ్చి మీ వాకిట్ల ఆగింది. మా ఊర్మిల మూడు నెలల పసిగుడ్డును ఎత్తుకొని మంచం కిందికి దూరింది. పిల్ల ఏడ్చింది. ఇది దాని నోటి మీద అరచెయ్యి పెట్టి ఒత్తింది. నువ్వు గుంజకపోతె పిల్ల దక్కకపోవు. గంతే గద?

గుంజినవు, నీ కడుపు సల్లగుండ. గని పిల్లనాడ డబ్బపాల మీద ఉంచి, తల్లినీడ దిగవెట్టి పోతనంటవు. పాలొచ్చి దాని రవికె తడుస్తున్నది, చూసినవా?

ఎందుకు చేసిందంటవా? చెప్త. ఇన్నొద్దులు ఎవలకు చెప్పలే.

అప్పుడు దానికి ఏడేండ్లు. మాకింక గుంత మగ్గమే, పవర్‌లూములు తర్వాత పెట్టినం. మా ఇంటాయన సంఘంల తిరిగెటోడు. తనకోసం పోలీసోళ్లు ఎంకులాడుతున్నరని తెలిసి మక్కచేన్ల దాసుకున్నడు. సద్ది ఎవలు పట్కపోయిన్రనుకున్నవు? ఊర్మిలనే. చిన్నపిల్ల మీద ఎవలకు అనుమానమొస్తది?

ఒకనాడు పొద్దుగాల ఇంటి ముందల జీపు ఆగింది. పెద్దోళ్లు అబద్ధం చెప్తరు, పిల్లలు చెప్పరు. అది వాళ్లకు ఎరుకే, ముందుగాల పిల్లలనే పట్టుకునేది. ఇది దొరికితె ఆయన దొరికినట్టే. ఏం జెయ్యాలె? దీన్ని మగ్గం గుంతల దించిన. పైన నేను కూసొని, గుంతల కాళ్లు పెట్టి, ఏం ఎరుగనట్టు నేసుకుంట ఉన్న.

ఇల్లంత తిరగేసిన్రు. మా అత్తను జుట్టు పట్టి ఈడ్చిన్రు. ముసల్ది మొత్తుకుంటున్నది. నేను నేస్తనే ఉన్న.

ఆయన దొరకలే వదినె. బతికిండు. అందరం బతికినం. నీ అదృష్టం రుక్కమ్మా, ఒక్క నెత్తురు చుక్క కారలేదు అని వాడకట్టంత అన్నది. నెత్తురు కారితెనే దెబ్బ అంటరు గద మనోళ్లు.

ఇగ ఆనాటి సంది ఊర్మిల మూతి మీద చెయ్యి పెట్టుకొని పండుడు మొదలువెట్టింది. బడిల పేరు పిలిస్తె పలకకపోయేది. పొగరని సారు బెత్తంతోని కొట్టిండు. జగిత్యాల డాక్టరు టానిక్కు రాసిండు. కొండగట్టుకు తీస్కపోయినం, తాయత్తు కట్టిపిచ్చినం. చిన్నపిల్లకు ఏం యాదుంటది, పెద్దగైతె మర్సిపోతదన్నరు. లగ్గమైతె మర్సిపోతదన్నరు. ఒక కాన్పైతె అంతా మర్సిపోతదన్నరు.

నేను గూడ అన్న. అందరి కంటె నేనే ఎక్కువ అన్న. ఎందుకో చెప్పాల్నా?

ఆనాడు జీపు దిగినోళ్లు ఇంక గడప దాటి లోపలికి రాలే. గుంతలకెల్లి 'అవ్వా' అని పిలిచింది. తొక్కుడు చెక్క తాకిందో, భయమైందో. చేతులు మగ్గం మీదుండె వదినె, ఆపితె అనుమానం వస్తది. దాని మూతి మీద కాలు పెట్టిన. ఒత్తిన. కొరికింది. ఇంకింత ఒత్తిన.

జీపు పోయినంక గూడ తియ్యలే. మల్ల వస్తరేమోనని. ఎంతసేపో నాకు ఎరుక లేదు. కాలు తీసినంక అది పైకొచ్చింది. ఏడ్వలే. నా మొకం జూడలే. మంచినీళ్లు అడిగింది. తాగి, బయటికి పోయి కూసున్నది. అమ్మయ్య, పిల్లకు ఏం కాలేదనుకున్న.

పసిదాని కాడ దాన్ని ఒక్కదాన్నే ఇడువకు, నేనూ అదే అంట. కావాల్నంటె నేనొచ్చి నీ ఇంట్ల ఆరు నెలలు కావలుంట, నా తిండి నేను తెచ్చుకుంట. గని తల్లిని పిల్లను ఇడదియ్యకు. తిట్టేదుంటె నన్ను తిట్టు. అది నేర్సింది నా దగ్గరనే.

మెల్లగ మాట్లాడమంటవా? ఎందుకు? ఆ తలుపెనుకనే నిలవడ్డది, ఇంటున్నది. ఇననియ్యి. ఆ కాలు సంగతి పద్నాలుగేండ్ల సంది అది నన్ను అడగలే, నేను చెప్పలే. ఇప్పుడు గూడ నీ మొకం చూసుకుంట చెప్తున్న గని, ఆ తలుపు దిక్కు చూసే ధైర్యం నాకు లేదు.