పీకవద్దన్న పన్ను

మల్కాపురంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గర, చేపలమ్ముకునే ముసలామె వాచిన దవడతో కుర్చీలో కూర్చుంది.

“ముందు పన్ను బాగా కదిలిపోయింది. తీసేస్తానమ్మా.”

“తియ్యకండి, డాక్టరమ్మా. తీగో ఏటో సుట్టి నిలబెట్టండి.”

“నిలబెట్టినా ఎన్నాళ్ళో ఉండదు. చిగుళ్ళలో బలం లేదు. అడ్డపొగ తాగుతారా?”

“సిన్నప్పటినుంచీ. నిప్పు నోట్లో ఎట్టుకుంటే సుట్ట గాలికి ఆరదు.”

“అందుకే అంగిలంతా తెల్లబారింది. ఇవాళే మానేయాలి. మరి నాలుక ఇంతలా కాలిందేం? అలవాటున్నవాళ్ళు కాల్చుకోరే.”

“నాను కాల్సుకోలేదు. సుట్ట నోట్లో ఉండగా నా అల్లుడు దవడ మీద గుద్దినాడు.”

“ఎందుకు?”

“నా కూతురు దుర్గ తల గోడకేసి కొడతంటే అడ్డమెల్లినాను. నిప్పు నాలిక మీద పడిపోనాది. అయినా ఆడి సెయ్యి నోటికి దొరికింది. కొరికి వదల్లేదు. ఆడు లాక్కునేసరికి ఈ పన్ను కదిలిపోనాది.”

“మీ అమ్మాయి?”

“పెద్దాసుపత్రిలో ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదు.”

“అయ్యో! పోలీసులకి చెప్పారా?”

“సెప్పినాం. ఆడేమో ఆ పూట ఇంటికే రాలేదంతన్నాడు. సేతి మీద గాటేటని అడిగితే, కుక్క కరిసిందంతన్నాడు.”

డాక్టరమ్మ చేతిలోని పట్టకారు పక్కన పెట్టేసింది.

“నోరు బాగా తెరవండమ్మా. ముందు మీ పళ్ళ అచ్చు తీస్తాను. తర్వాత తీగ కడతాను.”

“గట్టిగా కట్టండి తల్లీ. దుర్గ నోరిప్పేదాకా సాచ్చికం సెప్పాల్సింది ఇదే.”